థర్మోస్టాట్ అమెరికాది, ఉక్కపోత విశాఖది

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో పై అంతస్తు ఫ్లాటు మాది. హాలు, డైనింగ్ కలిపి 320 చదరపు అడుగులు. ఫాల్స్ సీలింగ్‌లో 3 టన్నుల డక్టబుల్ ఏసీ (గొట్టాల్లోంచి గాలి పంపేది) ఉంది. పాత రకం, ఇన్వర్టర్ ఏసీ కాదు, సింగిల్ ఫేజ్. డాలస్‌లో ఉండే మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ ఒక వైఫై థర్మోస్టాట్, అంటే గది ఉష్ణోగ్రత చూసి ఏసీని నడిపే గోడ పెట్టె, తెచ్చాడు. మెకానిక్ చేత ట్రాన్స్‌ఫార్మర్, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చులు) పెట్టించి బిగించాడు. కరెంటు పోయినా ఆరిపోకూడదని ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని ఇంటి ఇన్వర్టర్ లైనుకి ఇచ్చారు. అకౌంటు వాడి ఫోన్‌లోనే ఉంది. గాలి ఆడుతూ ఉంటుందని ఏసీ ఫ్యాన్ 'ఆన్'లో పెట్టి వెళ్ళాడు. కనుమ రోజు తెల్లవారుజామున కిటికీలు తీసి పడుకుంటే, ఎవరూ ముట్టుకోకుండానే ఏసీ మొదలై పొద్దెక్కేదాకా ఆగలేదు. ఇప్పుడు ఎండలొచ్చాక కంప్రెసర్ నాలుగు నిమిషాలు నడిచి ఆగుతోంది, అయిదు నిమిషాలకి మళ్ళీ మొదలవుతోంది. 24 డిగ్రీలు చూపిస్తున్నా ఒళ్ళు జిడ్డుగానే ఉంటోంది. తేమ 70 శాతం అంటోంది. రోజూ సాయంత్రం నాలుగున్నరకి మేం పెట్టుకున్న సెట్టింగ్ దానంతట అదే మారిపోతుంది. మధ్యాహ్నం కునుకు తీస్తే ఇంట్లో ఎవరూ లేరనుకుని ఆగిపోతుంది. కరెంటు పోయి రాగానే బయట యూనిట్ గుంయ్‌మని మూలిగి ఎంసీబీ పడిపోతోంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే బోలెడు పేర్లు కనిపిస్తున్నాయి, ముట్టుకోవాలంటే భయం. ఏవి మార్చాలి?

— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చిన మాట 'నాలుగున్నర'. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. మీకు సాయంత్రం నాలుగున్నర అయితే అక్కడ ఉదయం ఆరు. మీ హాల్లో గోడ మీదున్న పెట్టె ఇంకా డాలస్ టైములోనే ఉంది. తెల్లారింది, ఇంట్లోవాళ్ళు లేస్తారు అనుకుని పొద్దుటి ప్రోగ్రాంలోకి మారుతోంది. ఇలాగే వదిలేస్తే నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక ఇదే పని అయిదున్నరకి చేస్తుంది.

కాబట్టి ముందు అకౌంటు సంగతి చూడండి. ఇంటి చిరునామా కింద అక్కడి జిప్ కోడ్ ఉంటే టైమే కాదు, బయటి వాతావరణం కూడా డాలస్‌దే తీసుకుంటుంది. అబ్బాయి చేత యాప్‌లో దేశం, ఊరు, టైమ్ జోన్ మార్పించండి. యాప్‌లో మన దేశం కనబడకపోతే టైమ్ జోన్ ఒక్కటైనా థర్మోస్టాట్ తెర మీదే చేత్తో మార్చి, బయటి వాతావరణాన్ని బట్టి పనిచేసే ఫీచర్లన్నీ ఆఫ్ చేయండి. మీ ఫోన్‌నీ, మీ ఆవిడ ఫోన్‌నీ అకౌంటులో చేర్చమనండి. ఏదైనా తేడా చేస్తే అర్ధరాత్రి అమెరికాకి ఫోన్ చేసే పని ఉండదు.

ఏ సెట్టింగ్ ముట్టుకునే ముందైనా ఆ తెరని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. భయానికి అదే మందు. సెట్టింగులు తప్పు పడితే వెనక్కి మార్చుకోవచ్చు. వైర్లు అలా కాదు. రిలే పెట్టెలో 230 వోల్టులుంటాయి, దాన్ని మెకానిక్ మాత్రమే, అదీ ఎంసీబీ దించి టెస్టర్‌తో చూసుకున్నాకే తెరవాలి.

ఇప్పుడు కనుమనాటి సంగతి. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టలేషన్' లేక 'ఎక్విప్‌మెంట్' అనే చోటికి వెళ్ళండి. అక్కడ మీ ఏసీ 'హీట్ పంప్' అని నమోదై ఉంటుందని నా అనుమానం. అమెరికాలో ఒకే యంత్రం ఎండాకాలం చల్లగాలీ చలికాలం వేడిగాలీ ఇచ్చే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ రకంలో వేడి కావాలన్నా నడవాల్సింది కంప్రెసరే, గ్యాస్ పారే దిశ మార్చే వాల్వు ఒకటి అదనంగా ఉంటుంది. మీ ఏసీకి ఆ వాల్వు లేదు. తెల్లవారుజామున కిటికీల్లోంచి చలిగాలి వచ్చి హాలు 22 డిగ్రీల కిందికి దిగగానే, వేడి చేద్దామని థర్మోస్టాట్ కంప్రెసర్‌ని పిలిచింది. వచ్చింది చల్లగాలి. గది ఇంకా చల్లబడింది, అది ఇంకా గట్టిగా వేడి అడిగింది. ఎండెక్కి గోడలు కాగేదాకా ఈ తంతు ఆగలేదు.

దీనికి మందు తేలిక. రకం 'కన్వెన్షనల్' అని, కూలింగ్ ఒక స్టేజ్ అని, హీటింగ్ 'లేదు' అని పెట్టండి. మోడ్ 'ఆటో'లో ఉంటే 'కూల్'కి మార్చండి. వేడికీ చల్లదనానికీ తనే మారే ఆటో మోడ్‌తో విశాఖ ఇంటికి ఏడాది పొడుగునా పని లేదు. మార్చాక వైర్ల పటం తెర మీద మళ్ళీ చూపిస్తుంది. మీకు ఉండాల్సినవి నాలుగే: కరెంటు వచ్చే ఆర్, తిరిగి వెళ్ళే సి, కంప్రెసర్‌ని పిలిచే వై, బ్లోయర్‌ని, అంటే ఏసీ లోపల గాలి ఊదే ఫ్యాన్‌ని, పిలిచే జి. ఇంకేదైనా వైరు కనిపిస్తే మెకానిక్‌ని అడగండి, మీరు పీకకండి.

అసలు బాధ జిడ్డు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మీరు మార్చబోయే అంకెలన్నీ దీని చుట్టూనే ఉన్నాయి.

ఏసీ లోపల గాలిని చల్లబరిచే రెక్కల కాయిల్ చల్లబడగానే నీళ్ళు బయటికి పోవు. గాలిలోని చెమ్మ ముందు రెక్కల మీద బొట్లుగా పేరుకుంటుంది. 3 టన్నుల కాయిల్ దాదాపు ఒక లీటరు నీటిని అలా పట్టుకుంటుంది. ఆ పైన పట్టిందే ట్రేలోకి జారి, డ్రెయిన్ పైపులోంచి బయటికి పోతుంది. కంప్రెసర్ మొదలయ్యాక నీళ్ళు నిజంగా కారడానికి అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది. మీది నాలుగు నిమిషాలకే ఆగుతోంది. ఆగాక బ్లోయర్ 'ఆన్'లో తిరుగుతూనే ఉంది. తడి కాయిల్ మీదుగా ఊది, పట్టిన చెమ్మనంతా మళ్ళీ హాల్లోకి పంపేస్తోంది. తడిబట్ట ముందు ఫ్యాన్ పెట్టినట్టే. 24 డిగ్రీల్లో 70 శాతం తేమ అక్కణ్నుంచి వచ్చింది. మీ అబ్బాయి తప్పేమీ లేదు. గాలిలో తేమ తక్కువున్న చోట ఫ్యాన్ 'ఆన్' మంచిదే. సముద్రం పక్కన కాదు.

ఫ్యాన్‌ని ఈ రోజే 'ఆటో'కి మార్చండి, అప్పుడు కంప్రెసర్ నడిచినప్పుడే తిరుగుతుంది. దాని పక్కనే ఇంకో రెండు దొంగ సెట్టింగులుంటాయి. ఒకటి 'గంటకి ఇన్ని నిమిషాలు ఫ్యాన్ తిరగాలి' అనేది, దాన్ని సున్నా చేయండి. రెండోది 'ఫ్యాన్ డిసిపేషన్', అంటే కంప్రెసర్ ఆగాక ఫ్యాన్ ఇంకాసేపు తిరగడం. కాయిల్‌లో మిగిలిన చల్లదనాన్ని కూడా వాడుకుందామని పెట్టిన ఏర్పాటు అది. ఇక్కడ చల్లదనం కంటే నీళ్ళే ఎక్కువ వెనక్కొస్తాయి. 'ఆటో' అని ఉన్నా నమ్మకండి, సున్నా సెకన్లు అని అంకె వేయండి.

తరవాతది కంప్రెసర్‌ని ఎక్కువసేపు నడిపించడం. 'థ్రెషోల్డ్స్' అనే పేజీలో 'కూల్ డిఫరెన్షియల్' అని ఉంటుంది. మీరు అడిగిన ఉష్ణోగ్రతకి ఎంత పైకెళితే కంప్రెసర్‌ని మళ్ళీ పిలవాలన్న లెక్క అది. అమెరికా సరుకులో ఇది చాలాసార్లు అర డిగ్రీ ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది, అంటే మన లెక్కలో 0.3 డిగ్రీ కూడా లేదు. ఎవరైనా తలుపు తీసి మూస్తే చాలు, గది ఆ గీత దాటేస్తుంది. మీ కంప్రెసర్ సరిగ్గా అయిదు నిమిషాలే ఆగుతోందన్నారు చూడండి, అసలు గుట్టు అక్కడుంది. ఆ అయిదు నిమిషాలు గది తీసుకున్న సమయం కాదు. 'కంప్రెసర్ మినిమమ్ ఆఫ్ టైమ్' అనే ఇంకో సెట్టింగ్ 300 సెకన్లు దాన్ని బలవంతాన ఆపి ఉంచుతోంది. గది అంతకు ముందే మళ్ళీ పిలిచేసింది. ఆ 300 ఉండబట్టే మీ కంప్రెసర్ ఇంకా బతికుంది, దాన్ని మాత్రం తగ్గించకండి.

డిఫరెన్షియల్‌ని 2 డిగ్రీల ఫారన్‌హీట్ చేయండి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఫారన్‌హీట్ నుంచి సెల్సియస్‌కి మార్చేటప్పుడు 32 తీసేసే అలవాటుతో ఈ 2లోంచి కూడా 32 తీసేసి, మైనస్ 17 అని బెంబేలెత్తిపోతారు. ఇది ఉష్ణోగ్రత కాదు, రెండు ఉష్ణోగ్రతల తేడా. తేడాకి 32 తీయడం ఉండదు, అయిదుతో గుణించి తొమ్మిదితో భాగిస్తే చాలు. 2 డిగ్రీల ఫారన్‌హీట్ అంటే 1.1 డిగ్రీ సెల్సియస్. ప్రధాన తెరని సెల్సియస్‌లోకి మార్చుకోండి, కానీ ఈ లోపలి అంకెలు ఏ కొలతలో ఉన్నాయో ఒకసారి చూసుకుని వేయండి.

కొన్ని బ్రాండ్లలో డిఫరెన్షియల్ కనబడదు. దాని బదులు 'గంటకి సైకిళ్ళు' అని అడుగుతుంది. అక్కడ 3 వేయండి. 'మినిమమ్ ఆన్ టైమ్' కూడా ఉంటే పది నిమిషాలు పెట్టండి.

ఇప్పుడు మీది గంటకి ఆరేడుసార్లు మొదలవుతోంది. పైన చెప్పినవి మార్చాక రాత్రి పది గంటలప్పుడు ఒక గంట కూర్చుని లెక్కపెట్టండి. మూడు దాటకూడదు. నాలుగు వస్తున్నాయంటే డిఫరెన్షియల్‌ని 2.5 చేయండి. అంతకన్నా పైకి వెళ్ళకండి, చలి, ఉక్క రెండూ తెలిసిపోతాయి.

మార్చడానికి ముందు ఒక చిన్న పని చేసి పెట్టుకోండి. డ్రెయిన్ పైపు ఎక్కడ దిగుతుందో చూసి దాని కింద ఒక బకెట్ పెట్టండి. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా పడిన నీళ్ళు లీటరు సీసాతో కొలవండి. సెట్టింగులు మార్చాక మర్నాడు అదే గంటలో మళ్ళీ కొలవండి. ఈ ఊరి తేమకి 3 టన్నుల ఏసీ ఆగకుండా గంట నడిస్తే మూడు నుంచి అయిదు లీటర్లు రావాలి. ఆగి ఆగి నడిచినా రెండు లీటర్లకి తగ్గకూడదు. ఇప్పుడు మీకు అర లీటరు కూడా రాకపోవచ్చు. తెర మీది తేమ అంకె అబద్ధం చెప్పొచ్చు, బకెట్ చెప్పదు.

తేమ అంకె అబద్ధం చెబుతోందో లేదో తేల్చడానికి కూడా ఇంట్లోనే దారి ఉంది. ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు కొనండి. సీసా మూతలో కల్లుప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే చుక్క చుక్కగా నీళ్ళు వేయండి. ఉప్పు కరిగిపోకూడదు, పైన నీళ్ళు తేలకూడదు. ఆ మూతనీ మీటరునీ ఒకదానికొకటి తగలకుండా జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టిగా మూసి, ఎండ తగలని చోట రాత్రంతా వదిలేయండి. తడి ఉప్పు పైన ఉండే గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడిపోతుంది, అది ఉప్పు గుణం. పొద్దున్న కవరు తెరవకుండా చదవండి. మీటరు 71 చూపిస్తే అది నాలుగు తక్కువ చెబుతోందని అర్థం. ఆ లెక్క చీటీ మీద రాసి మీటరు వెనక అంటించి, దాన్ని థర్మోస్టాట్ పక్కన ఒక గంట పెట్టి రెండూ పోల్చండి. తేడా ఎంతో 'హ్యుమిడిటీ కరెక్షన్' అనే చోట వేయండి.

ఇది ఎందుకంటే, తరవాత వచ్చే సెట్టింగ్ ఆ అంకెనే నమ్ముకుంటుంది. దాని పేరు 'ఏసీ ఓవర్‌కూల్', కొన్నిటిలో 'కూల్ టు డ్రై'. తేమ మీరు చెప్పిన హద్దు దాటితే, మీరు అడిగిన ఉష్ణోగ్రత కన్నా కాస్త కిందికి పోయి అయినా నీరు లాగుతుంది. హద్దు 55 శాతం, ఓవర్‌కూల్ 2 డిగ్రీల ఫారన్‌హీట్ పెట్టండి. హద్దు 45 శాతం పెట్టే ఉత్సాహవంతులుంటారు. సముద్రపు గాలి ఆడే ఇంట్లో, తలుపులు తీసి మూసే ఇంట్లో అది ఎప్పటికీ రాదు, ఏసీ ఎప్పటికీ ఆగదు, బిల్లు మాత్రం వస్తుంది. తేమ సెన్సర్ ఎనిమిది శాతం ఎక్కువ చదువుతున్నా ఇదే జరుగుతుంది. ఉప్పు పరీక్ష ముందు చెప్పింది అందుకే.

ఉష్ణోగ్రతకి కూడా 'టెంపరేచర్ కరెక్షన్' ఉంది. దాన్ని ముట్టుకునే ముందు థర్మోస్టాట్‌ని గోడ మీంచి మెల్లగా ఊడదీసి వెనక వైర్ల కోసం కొట్టిన రంధ్రం చూడండి. ఫాల్స్ సీలింగ్‌లోంచి పైపు దిగిందంటే, పైనున్న వేడిగాలి ఆ పైపులోంచి దిగి సెన్సర్ వీపుకి తగులుతూ ఉంటుంది. పై అంతస్తు కాబట్టి మీ ఇంట్లో ఇది ఉండే అవకాశమే ఎక్కువ. పుట్టీతోనో మెత్తటి స్పాంజితోనో రంధ్రం మూసేయండి, వైరు కదలకుండా. పడమటి గోడ, టీవీ వెనక, ఏసీ గ్రిల్లుకి ఎదురుగా, దేవుడి గూట్లో దీపం పక్కన, ఇవేవీ థర్మోస్టాట్‌కి చోట్లు కావు. నేల నుంచి అయిదడుగులు, ఎండ పడని లోపలి గోడ కావాలి. రంధ్రం మూసిన తరవాత మామూలు థర్మామీటరు పక్కన అరగంట పెట్టి చూడండి. తేడా ఒక డిగ్రీ లోపు ఉంటే కరెక్షన్‌తో సరిచేయండి. రెండు డిగ్రీలు దాటితే చోటు మార్చాల్సిందే. అంకె మార్చి కప్పెట్టినా ఎండ తిరిగే కొద్దీ ఆ తేడా కూడా మారుతూ ఉంటుంది.

కరెంటు పోయి రాగానే వచ్చే మూలుగు సెట్టింగ్ తప్పు కాదు, వైరింగ్ తప్పు. మీరే రాశారు, ట్రాన్స్‌ఫార్మర్ ఇన్వర్టర్ లైన్‌లో ఉందని. కరెంటు పోయినప్పుడు కంప్రెసర్ ఆగింది కానీ థర్మోస్టాట్‌కి ఆ సంగతే తెలియదు. దానికి తన దీపం వెలుగుతూనే ఉంది, కంప్రెసర్ నడుస్తూనే ఉందని అనుకుంటోంది. పది సెకన్లకి జనరేటరో లైనో రాగానే కాంటాక్టర్, అంటే కంప్రెసర్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్చు, టక్కున పడుతుంది. ఆగిన వెంటనే పైపుల్లో ఒకవైపు గ్యాస్ ఒత్తిడి ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటుంది. రెండూ సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ ఒత్తిడి మీద సింగిల్ ఫేజ్ కంప్రెసర్ తిరగలేదు. తిరగలేక మూలుగుతూ మామూలు కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది, ఎంసీబీ పడుతుంది. ఎంసీబీ పడుతోంది కాబట్టి సరిపోయింది. మీరు పెట్టుకున్న 300 సెకన్ల విరామం ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు, ఎందుకంటే ఆ విరామం లెక్క థర్మోస్టాట్ తానే ఆపినప్పుడు మొదలవుతుంది.

మెకానిక్‌కి రెండు పనులు చెప్పండి. ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్‌ని ఇన్వర్టర్ లైన్‌లోంచి తీసి ఏసీ ఎంసీబీ మీదకే మార్చాలి. కరెంటు పోతే థర్మోస్టాట్ కూడా ఆరిపోతుంది, పర్వాలేదు. సెట్టింగులు పోవు, వైఫై రాగానే టైము తనే సరిచూసుకుంటుంది. రెండు, కాంటాక్టర్ కాయిల్ వైరులో 230 వోల్టుల 'ఆన్ డిలే టైమర్' ఒకటి పెట్టి మూడు నిమిషాలకి తిప్పాలి. అప్పుడు థర్మోస్టాట్ ఏం అనుకున్నా, కరెంటు వచ్చిన మూడు నిమిషాల దాకా కంప్రెసర్ కదలదు. పని అయ్యాక అతని ముందే పరీక్షించండి. కంప్రెసర్ నడుస్తుండగా ఎంసీబీ దించి, పది సెకన్లాగి ఎత్తండి. మూడు నిమిషాల లోపు కాంటాక్టర్ 'టక్' వినబడితే టైమర్ తప్పు చోట పెట్టాడన్నమాట, వెంటనే దించేయండి.

ఆ పెట్టె తెరిచినప్పుడు రిలేలు కూడా చూపించమనండి. రిలే లోపలి తీగచుట్ట (కాయిల్) మీద '24 వోల్టులు ఏసీ' అని ఉండాలి. ఇక్కడ ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదు, ఇంటి లైన్లో వచ్చే రకం కరెంటు; డీసీ అంటే బ్యాటరీ రకం. డాబాగార్డెన్స్‌లో అయినా ఇంకెక్కడైనా కౌంటర్లో 24 వోల్టుల రిలే అని మాత్రమే అడిగితే డీసీది చేతిలో పెట్టే అవకాశమే ఎక్కువ. డీసీ రిలేని ఏసీ కరెంటు మీద పెడితే సన్నగా జుయ్‌మంటూ వణుకుతుంది, కాయిల్ కాగుతుంది, కొన్నాళ్ళకి కాంటాక్టులు అతుక్కుపోయి కంప్రెసర్ ఆగమన్నా ఆగదు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా 230 నుంచి 24కి దించేదే కావాలి. అమెరికా నుంచి తెచ్చినది 120 వోల్టులదైతే, మన లైనుకి పెడితే కాలిపోతుంది.

మధ్యాహ్నం కునుకు విషయానికి వస్తే, థర్మోస్టాట్‌లో మనిషి కదలిక పసిగట్టే కన్ను ఉంది. ఒకటి రెండు గంటలు హాల్లో ఎవరూ కదలకపోతే ఇల్లు ఖాళీ అనుకుంటుంది. 'స్మార్ట్ అవే' లాంటి పేరుతో ఉంటుంది, ఆపేయండి. ఫోన్ ఎక్కడుందో చూసి నడిచే 'జియోఫెన్స్' కూడా ఆపేయండి. ఒక్కరి ఫోనే అకౌంటులో ఉంటే, మీరు ఆర్కే బీచ్‌లో నడకకి వెళ్ళగానే ఇంట్లో ఉన్న మీ ఆవిడకి ఏసీ ఆగిపోతుంది. పగలంతా ఇద్దరూ ఇంట్లో ఉండే కుటుంబానికి ఈ రెండు తెలివితేటలూ అనవసరం. 'స్మార్ట్ రికవరీ' కూడా అంతే. మీరు ఆరింటికి 26 కావాలంటే, ఎంత ముందు మొదలెట్టాలో అది పాత రోజుల్ని చూసి లెక్క కడుతుంది. ఆ లెక్క ఉష్ణోగ్రతకే, తేమకి కాదు. మధ్యలో కరెంటు పోతే ఆ లెక్కా తప్పుతుంది.

షెడ్యూలు చేత్తోనే రాయండి. ఇంట్లో ఉన్నంతసేపూ 26, సీలింగ్ ఫ్యాన్ ఒకటో రెండో నంబరు మీద. స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 24 దగ్గరే మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ నిబంధన ఉంది, కానీ తేమ 55కి దిగిన గదిలో ఫ్యాన్ గాలికి 26 హాయిగానే ఉంటుంది. మీకు ఇన్నాళ్ళూ 24 చాలకపోవడానికి కారణం తేమే. రాత్రి హాల్లో ఎవరూ పడుకోకపోతే 29. రెండు మూడు గంటలు బయటికి వెళితే 28లో వదలండి. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చే రోజు పూర్తిగా ఆపడమే కరెంటుకి లాభం, అందులో అనుమానం లేదు. కాకపోతే పరుపులు, సోఫాలు, కర్టెన్లు ఆ పూటంతా చెమ్మ పీల్చుకుని ఉంటాయి. గది 26కి అరగంటలో దిగినా ఆ చెమ్మ దిగడానికి ఇంకో గంట పడుతుంది. వచ్చే వేళకి ముప్పావు గంట ముందు షెడ్యూలు మొదలయ్యేలా పెట్టండి, వచ్చాక ఇంకాసేపు ఓపిక పట్టండి.

ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగండి. ఓవర్‌కూల్ పెట్టాక ఇది మరీ ముఖ్యం. గాలి తగ్గితే కాయిల్ మీద మంచు కట్టి, నీళ్ళు ఒకేసారి ఫాల్స్ సీలింగ్‌లోకి దిగుతాయి. బయట యూనిట్ మీద పేరుకునే ఉప్పుని నెలకోసారి, ఎంసీబీ దించి, మామూలు నీళ్ళతో మెల్లగా కడిగించండి. మోటారు ప్రెషర్ వద్దు, రెక్కలు వంగిపోతాయి.

ఇదే థర్మోస్టాట్ తెప్పించుకుందామనుకునే మిగతా పాఠకులకి ఒక్క మాట. మీ డక్టబుల్ ఇన్వర్టర్ రకమై, గోడ మీద కంపెనీ ఇచ్చిన రిమోట్ రెండు సన్నటి వైర్లతో ఉంటే, దాని స్థానంలో ఇలాంటిది బిగించకండి. ఆ వైర్లలో నడిచేది ఆన్-ఆఫ్ కాదు, కంపెనీ సొంత భాష. స్ప్లిట్ ఏసీకి అయితే రిమోట్‌లా పనిచేసే వైఫై పెట్టెలున్నాయి. వాటితో ఉష్ణోగ్రత మార్చుకోండి, టైమింగ్ పెట్టుకోండి. గది చల్లబడిందని అస్తమానం ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేసే ఆటోమేషన్ మాత్రం ఇన్వర్టర్ స్ప్లిట్‌కి పెట్టొద్దు. నెమ్మదిగా ఆగకుండా నడవడమే దాని పొదుపు.

మళ్ళీ మీ సంగతి. 320 అడుగులకి 3 టన్నులు కాస్త ఎక్కువే. పై అంతస్తు కప్పు వేడికి మే నెలలో సరిపోతుందేమో గానీ, వానలు పడి ఎండ తగ్గిన జులై, ఆగస్టుల్లో అది గదిని చటుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, తేమ మిగిలిపోతుంది. పైవన్నీ చేసి వారం చూశాక కూడా బకెట్లో గంటకి రెండు లీటర్లు రాకపోతే ఇక యాప్‌లో వెతకడం మానేయండి. మెకానిక్‌ని పిలిచి బ్లోయర్ మోటారు స్పీడ్ ఒక మెట్టు తగ్గించమనండి. మామూలుగా టన్నుకి నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి లెక్కన పెడతారు, తేమ ప్రాంతంలో 350 చాలు. అంటే మీకు 1200 బదులు 1050. గాలి నెమ్మదిగా పోతే కాయిల్ ఇంకా చల్లబడి ఎక్కువ నీరు పట్టుకుంటుంది. మెట్టు తగ్గించిన రోజు రెండు గంటలు ఏసీ నడిపి కాయిల్ మీద మంచు కడుతోందేమో అతని చేతే చూపించండి. కడితే స్పీడ్ యథాతథంగా పెట్టించేసి, ముందు గ్యాస్, ఫిల్టరు చూడమనండి.